గుట్ట మీద నిలిచే మొక్క కావాలంటే: కరువు సీమలో ఊరి నర్సరీ నడిపే పద్ధతి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో పెద్ద వాటా సెప్టెంబరుది. జూన్ మొదటి వారంలో పర్యావరణ దినోత్సవం పేరుతో మొక్క నాటి ఫొటో దిగితే, తర్వాతి వాన పడేలోపు ఆ మొక్క కట్టెపుల్ల అవుతుంది. ఇక్కడి గుట్టలకు మళ్లీ పచ్చదనం తేవాలనుకునే ఊరి బృందం ముందుగా రెండు సంగతులు ఒప్పుకోవాలి. మొక్క ఎత్తు చూసి మురిసిపోకూడదు, దాని వేరు చూడాలి. నర్సరీ పనిని విత్తనం దగ్గర నుంచి కాక, నాటే వారం నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

కింద చెప్పేది ఇరవై ముప్ఫై మంది స్వచ్ఛందంగా పనిచేసే ఊరి నర్సరీకి సరిపోయే పద్ధతి. మొదటి ఏడాది రెండు వేల సంచులు దాటొద్దు. పదివేలు పెంచడం కష్టం కాదు, పదివేల గుంతలు తవ్వి కాపాడటమే కష్టం.

ముందు గుట్టెక్కి చూడండి

సంక్రాంతి ముందు ఒక రోజు, గొర్రెల కాపరిని ఒకరిని వెంటబెట్టుకుని గుట్టంతా తిరగండి. మీరు చూడాల్సింది ఖాళీ జాగా కాదు, నేల మట్టానికి కొట్టేసిన మోళ్లు. చండ్ర, బిల్లు, చిగర, నారేపి చెట్ల మోళ్లు ఏటా చిగురిస్తాయి, ఏటా మేకలు కొరికేస్తాయి. మోకాలెత్తు గుబురుగా కనిపించే ఆ కంప కింద ఉన్న వేరు పాతికేళ్లది కావచ్చు. సంచిలో ఆరునెలలు పెరిగిన మొక్క దానితో పోటీ పడలేదు. అలాంటి మోడుకు బలమైన కొమ్మలు ఒకటో రెండో ఉంచి మిగతావి చలికాలంలో కోసేయండి. కోసిన కంపనే చుట్టూ పేర్చండి. మేక నోటికి అందనంత ఎత్తు పెరిగేదాకా, అంటే దాదాపు మూడేళ్లు, కాపాడితే చాలు. ఎకరంలో ఇలాంటి మోళ్లు ఎనభై, వంద కనిపిస్తే అక్కడ నర్సరీ మొక్కతో పనిలేదు. కాపలా పెట్టండి, నిప్పు రాకుండా చూడండి. చెన్నేకొత్తపల్లి దగ్గరి కల్పవల్లిలో 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్లు కలిసి పెంచుకున్న అడవిలో ఈ రెండు పనులదే పెద్ద పాత్ర.

ఇంకో హెచ్చరిక. బోద, పందిముళ్ల గడ్డి ఏపుగా ఉండి చెట్టు లేని మైదానం కనిపిస్తే దాన్ని బంజరు అనుకోకండి. అది గడ్డినేల. కృష్ణజింకకూ, నేల మీద గూడు పెట్టే పిట్టలకూ అదే ఇల్లు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు అలాంటి గడ్డినేలే. అక్కడ చెట్లు నాటడమంటే ఉన్న జీవాల్ని వెళ్లగొట్టడమే.

నేల ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. రిజర్వు ఫారెస్టు అయితే అటవీశాఖ అనుమతి లేకుండా గుంత తవ్వినా, విత్తనం ఏరినా తప్పే. గ్రామ పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం రాయించుకోండి. మేత ఎక్కడ ఆపుతున్నారో, ఎన్నాళ్లు ఆపుతున్నారో కాపర్ల సమక్షంలోనే తేల్చండి. వాళ్లకు చెప్పకుండా వేసిన కంచె ఏదీ మార్చి దాకా నిలవదు.

ఏ మొక్కలు

పెద్ద చెట్లతో మొదలుపెట్టడమే అందరూ చేసే పొరపాటు. గరుసు నేలలో ముందు నిలిచేవి పొదలు: తంగేడు, బందారు, రేగు, పరికి, బలుసు, కలివి. వీటి చాటున మట్టి చేరుతుంది, నీడ పడుతుంది, ముళ్లున్నవైతే మేక దూరదు. ఆ చాటునే చండ్ర, తెల్లతుమ్మ, నెమలినార లాంటి చెట్లు లేస్తాయి. కాబట్టి మొదటి రెండేళ్ల సంచుల్లో సగానికి పైగా పొదలే ఉండాలి. తంగేడునూ బందారునూ మేకలు పెద్దగా ముట్టవు గనుక కాపలా తక్కువున్న చోట అవే మీ ముందు వరుస.

కానుగ, నేరేడు వంక గట్లకు. మిట్ట మీద పెడితే రెండో వేసవి దాటవు. చింత ఆఫ్రికా నుంచి, సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చినవే. ఊరి పక్కన పెంచుకుంటే ఎవరూ వద్దనరు గానీ, గుట్ట కోసం పెట్టిన సంచుల్లో వాటికి చోటివ్వకండి. గ్లైరిసీడియా, సుబాబుల్ అసలే వద్దు. ఎర్రచందనం ఊసెత్తకపోవడం మేలు. కోతకూ రవాణాకూ ఉన్న కాగితాల చిక్కూ, దొంగల బెడదా స్వచ్ఛంద బృందం మోయగలిగేవి కావు.

విత్తనం ఏరడం

ఒక్కో రకానికి కనీసం ఇరవై చెట్ల నుంచి తీసుకోండి, ఒకదానికొకటి వంద మీటర్లయినా దూరం ఉండాలి. బస్టాపు పక్కన విరగకాసిన ఒక్క చెట్టు నుంచే బస్తాడు విత్తనం తెస్తే, మీ గుట్ట నిండా అన్నదమ్ములే ఉంటారు. తెగులొస్తే అందరికీ ఒకేసారి వస్తుంది. చెట్టు మీది కాయలో ఐదో వంతు మించి కోయొద్దు. మిగిలింది పిట్టలకూ, ఆ గుట్టకూ.

చండ్ర, రేగు, ఉసిరి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. తంగేడు జనవరి నుంచి మార్చి దాకా. తెలంగాణలో బతుకమ్మకు పూలు కోసిన పొదల్లో మాత్రం కాయ కోసం వెతక్కండి. రేల కాయ వేసవి మొదట్లో, కానుగ, నెమలినార, నారేపి మార్చి నుంచి మే లోపు, బిల్లు మే, జూన్‌లో, వేప జూన్, జులైలో దొరుకుతాయి.

తుమ్మ జాతి కాయలు నేల రాలేదాకా ఆగితే సగం పుచ్చులే. గింజ మీద గుండుసూది మొనంత రంధ్రం ఉందంటే లోపలి పప్పును పురుగు తినేసిందన్నమాట. కాయ గోధుమరంగుకు తిరగ్గానే కోసి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, గింజ తీసి గుడ్డ సంచిలో పోయండి. సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ: మొక్క పేరు, ఏరిన చోటు, తేదీ. బయటి చీటీ ఎప్పుడూ ఊడిపోతుంది.

అన్ని విత్తనాలూ దాచుకోదగ్గవి కావు. వేప, నేరేడు, నెమలినార, కలివి ఏరిన వారం పది రోజుల్లో విత్తాలి. వేప పండు గుజ్జు కడిగి నీడలో ఆరబెట్టినా రెండు మూడు వారాలు దాటితే మొలక శాతం పడిపోతుంది. తంగేడు, తుమ్మ, రేల గింజలు మాత్రం ఏళ్ల తరబడి బతుకుతాయి.

గింజను నిద్ర లేపడం

ముందు మొలక పరీక్ష చేయండి. కింద చెప్పినట్టు నిద్ర లేపిన గింజలు యాభై తడి గోనెపట్టాలో చుట్టి నీడలో పెట్టి, రోజూ నీళ్లు చిలకరిస్తూ రెండు మూడు వారాలు చూడండి. ముప్ఫై ఐదు పైన మొలిస్తే సంచికి ఒక గింజ చాలు. ఇరవై, ముప్ఫై ఐదు మధ్య అయితే రెండు. ఇరవైకి తగ్గితే సంచుల్లో వేయకుండా ఇసుక మడిలో చల్లి, మొలిచినవాటిని రెండాకుల దశలో సంచిలోకి మార్చండి.

తంగేడు, తుమ్మ, చిగర గింజల పైపొర నీళ్లు చొరనివ్వదు. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, గింజకు ఐదింతల నీళ్లు పోసి తెల్లవారేదాకా వదిలేయండి. ఉబ్బినవి విత్తడానికి పనికొస్తాయి, ఉబ్బనివి మళ్లీ ఒకసారి అలాగే చేయాలి. పొయ్యి మీద ఉంచి గింజలు ఉడకబెట్టేవాళ్లున్నారు, అవి మొలవవు, గుగ్గిళ్లవుతాయి. రేల గింజ ఇంకా మొండిది, గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది పొర అరగదీశాక నానబెట్టాలి. ఆమ్లంలో ముంచే పద్ధతి పెద్ద నర్సరీల్లో ఉంది. పిల్లలు తిరిగే ఊరి నర్సరీలో దాని జోలికి పోవద్దు.

నల్లతుమ్మకు అడ్డదారి ఒకటుంది. మేకలు కాయ తిని గింజను దొడ్లోనే వదులుతాయి. వాటి కడుపులో నాని వచ్చిన ఆ గింజలు త్వరగా మొలుస్తాయి. వేసవిలో ఉదయం పూట దొడ్డి ఊడ్చి జల్లెడ పడితే చాలు.

రేగు టెంకను చిన్న సుత్తితో పక్కవాటుగా కొట్టి లోపలి పప్పు తీసి వేస్తే వారం పది రోజుల్లో లేస్తుంది. టెంకతోనే వేస్తే నెల పడుతుంది, మొలిచేవీ తక్కువే. చండ్రకు ఒక రోజు చన్నీళ్లలో నానబెట్టడం చాలు. ఉసిరి పండ్లను ఎండబెడితే టెంక దానంతటదే పగులుతుంది. అందులోని గింజలు నీళ్లలో వేసి, మునిగినవే తీసుకోండి.

నారేపిని మాత్రం సంచిలో పెంచాలని చూడకండి. పైన జానెడు లేచేసరికి కింద వేరు సంచి అడుగు దాటిపోతుంది. ఆ వేరు తెగితే మొక్క కోలుకోదు. మోదుగదీ దాదాపు అదే కథ. ఈ రెంటినీ కొత్త గింజతో, తొలి మంచి వాన తర్వాత, గుట్ట మీదే పొదల పక్కన మూడేసి గింజల చొప్పున విత్తండి. గింజ మందానికి రెండింతల లోతు చాలు. విత్తన బంతులు విసిరేసి రావడం సరదాగా ఉంటుంది గానీ, గట్టి నేల మీద పడిన బంతిలోంచి మొలిచిన వేరుకు దిగే దారే ఉండదు. అదే గింజను కర్రతో గుచ్చి మట్టి కప్పితే బతికే అవకాశం ఎక్కువ.

సంచి, మట్టి, మడి

ఐదు బై తొమ్మిది అంగుళాల నల్ల పాలిథీన్ సంచి పొదలకూ, ఆరు నెలల్లో నాటే చెట్లకూ సరిపోతుంది. బిల్లు, వేప, రేల లాంటివి వచ్చే ఏడాది వానలకు గానీ సిద్ధం కావు కాబట్టి వాటికి కొంచెం పెద్దది వాడండి. అడుగున, పక్కల కలిపి పన్నెండు రంధ్రాలైనా ఉండాలి. అడుగు మూలలకు రంధ్రం లేకపోతే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది.

మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, వంక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. ఒక్కో సంచికి లీటరు పడుతుంది, అంటే వెయ్యి సంచులకు ఒక క్యూబిక్ మీటరు. ఎరువు పట్టుకుంటే వేడిగా ఉన్నా, వాసన కొట్టినా వాడొద్దు. పచ్చి ఎరువుతో పాటు వేరుపురుగు గుడ్లూ, చెదలూ వస్తాయి. ఆ పురుగు పడితే పైన పచ్చగా ఉన్న మొక్క ఒక్కరోజులో వాలిపోతుంది, లాగితే వేరు లేకుండా చేతికొస్తుంది. మిశ్రమాన్ని సగం అంగుళం జల్లెడ పట్టి, సంచిని రెండు మూడుసార్లు నేలకు తట్టి నింపండి. అంచు దగ్గర ఒక అంగుళం ఖాళీ వదలండి. వదులుగా నింపితే నీళ్లు పోయగానే సంచి నడుం విరిగి వేరు అక్కడే మెలిక పడుతుంది.

మీటరు వెడల్పు, ఏడు మీటర్ల పొడవు మడిలో వెయ్యి సంచులు నిలబడతాయి. రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి కాబట్టి అంతకంటే వెడల్పు వద్దు. మడి అడుగున పాత పాలిథీన్ పట్టా పరిస్తే వేర్లు నేలలోకి దిగవు. పైన 50 శాతం నీడ వల కట్టండి.

ఎప్పుడు విత్తాలి

నాటేది మఖ, పుబ్బ కార్తెల్లో, అంటే ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా అనుకోండి. ఇంకాస్త ముందు నాటొచ్చు కదా అంటే, జులైలో మీ స్వచ్ఛంద సేవకులందరూ వేరుశనగ విత్తనంలో ఉంటారు, ఒక్కరూ దొరకరు. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే చండ్ర, రేగు, తుమ్మ ఫిబ్రవరిలోనూ, తంగేడు, బందారు ఏప్రిల్ చివరా విత్తాలి. తంగేడు తొందరగా పెరిగే మొక్క. ఫిబ్రవరిలోనే వేస్తే ఆగస్టుకు సంచిలో వేరు చుట్టలు చుట్టుకుపోతుంది. వెయ్యి మొక్కలు గుట్టెక్కాలంటే పద్నాలుగు వందల సంచులు విత్తండి. మొలవనివి, చచ్చేవి, మీరే ఏరి పారేసేవి కలిపి అంత తరుగు ఉంటుంది.

నీళ్లు, ఇంకా నీళ్ల వల్ల వచ్చే తంటాలు

మొలకెత్తేదాకా పూల డబ్బాతో రోజూ రెండు పూటలా. ఏప్రిల్, మే ఎండల్లో వెయ్యి సంచులకు రోజుకు 200 నుంచి 300 లీటర్లు పడతాయి. పైపు నేరుగా పెడితే గింజలు తేలి పక్కకు పోతాయి.

చిన్న మొక్క కాడ నేల దగ్గర నల్లబడి, సన్నగిల్లి పడిపోతోందంటే నారుకుళ్లు. మందు వెతికే ముందు నీళ్లు సగానికి తగ్గించండి, వలను పక్కకు లాగి గాలి ఆడనివ్వండి, పడిపోయినవాటిని మట్టితో సహా దూరంగా పారేయండి. ఆకులు పసుపెక్కి సంచి పైన తెల్లటి పెచ్చు కట్టిందంటే బోరు నీళ్లలోని ఉప్పు. పైమట్టి గీరి తీసి, వారానికోసారి సంచి అడుగు నుంచి కారేదాకా నీళ్లు పట్టండి. చెరువు నీళ్లుంటే అవి వాడండి.

మూడు నాలుగు వారాలకోసారి ప్రతి సంచినీ ఎత్తి పక్కకు జరపండి. పట్టా చిరిగిన చోట నేలలోకి దిగిన వేరు అప్పుడు తెగుతుంది. ఈ పనే ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే ఎక్కువ నర్సరీలు ఇక్కడే నష్టపోతాయి. జరపని మొక్క నర్సరీలో అందరికంటే ఎత్తుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఎందుకంటే అది సంచిలో లేదు, నేలలో ఉంది. నాటే రోజు పీకితే అసలు వేరు అక్కడే మిగిలిపోతుంది.

జులై మొదటి నుంచి మొక్కల్ని కఠినం చేయడం, అంటే ఎండకూ నీళ్ల కరువుకూ అలవాటు చేయడం, మొదలుపెట్టండి. నీడ వల ముందు ఉదయం పూట, తర్వాత రోజంతా తీసేయాలి. నీళ్లు రోజు విడిచి రోజు, ఆపై మూడు రోజులకోసారి. మధ్యాహ్నం ఆకులు కాస్త వాలి సాయంత్రానికి తేరుకుంటే సరైన దారిలో ఉన్నట్టే. నాటడానికి తీసేది అడుగు నుంచి అడుగున్నర ఎత్తు ఉండి, మొదలు పెన్సిలంత లావున్న మొక్క. మూడడుగులు లేచి గాలికి ఊగే సన్నకాడను మొహమాటం లేకుండా పక్కన పెట్టండి.

నాటడం

గుంతలు జూన్‌లోనే తవ్వి పెట్టండి, అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. పారకు రాయి తగిలిన చోట అడుగుతో సరిపెట్టుకోండి. ఎకరానికి 160 మించొద్దు, మోళ్లు, పొదలు ఉన్న చోట ఇంకా తక్కువ. తాడు పట్టి వరుసలు వేయడం మామిడితోటకు. గుట్ట మీద ఎక్కడ మట్టి చేరిందో, ఎక్కడ బండ చాటుందో అక్కడే గుంత. పొద ఉంటే దానికి తూర్పు పక్కన తవ్వండి, మధ్యాహ్నం తర్వాతి ఎండకు పొద నీడ మొక్క మీద పడుతుంది.

రెండు అడుగుల లోతు కాకపోయినా కనీసం గుంత లోతుదాకా నేల తడిశాకే నాటాలి. పై మట్టి తీసి పిడికెడు వేపపిండి కలిపి అడుగున వేయండి, చెదలు కొంత తగ్గుతాయి. సంచిని బ్లేడుతో నిలువునా కోసి తీసేయండి. ప్లాస్టిక్‌తోనే పాతేసిన మొక్కలు ఏటా ఎన్నో బయటపడతాయి, నాటేవాళ్లలో ఒకరి పని ఖాళీ సంచులు లెక్కపెట్టడమే కావాలి. అడుగున చుట్టుకున్న వేరును కత్తిరించండి. మొక్క మొదలు చుట్టూ ఉన్న నేలకు రెండంగుళాలు కిందుండేలా పెట్టి, కాలితో తొక్కి, పల్లం వైపు మీటరు వెడల్పున అర్ధచంద్రాకారంలో కట్ట వేయండి. చివరగా చుట్టూ చేతికందిన రాళ్లు పరవండి. రాళ్ల కింద తడి ఆరదు, పైగా మోసుకురావాల్సిన పనీ లేదు.

కంచెకు సర్కారు తుమ్మ కంప వాడేటప్పుడు కాయలున్న కొమ్మ ఒక్కటీ రాకుండా చూడండి. ఆ కాయల కోసమే మేకలు వస్తాయి, గింజల్ని అక్కడే విత్తి పోతాయి. గుట్ట మీద సర్కారు తుమ్మ ఉంటే నేలమట్టానికి కొట్టి లాభం లేదు, రెట్టింపు కొమ్మలతో లేస్తుంది. జానెడు లోతు తవ్వి వేరు మొదలు కింద నరికి, ఆ గుంతలోనే తంగేడు గింజలు వేయండి.

తర్వాతి వేసవి దాకా

నవంబరులో ఒకసారి రకం వారీగా లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. సంక్రాంతి దాటగానే, గడ్డి ఎండకముందే కాదు, ఎండిన వెంటనే, చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోసి నిప్పు గీత తీయండి. కోసిన గడ్డి పశువులున్నవాళ్లకు ఇస్తే ఆ పని ఉచితంగా అయిపోతుంది, పైగా నిప్పు కనబడితే ముందు పరుగెత్తేది వాళ్లే.

తడి ఇవ్వగలిగితే ఫిబ్రవరి, మార్చి చివర, మే మొదట్లో మొక్కకు పది లీటర్ల చొప్పున. ఐదు వందల మొక్కలకు ఒక్కో విడతకు ఐదు వేల లీటర్లు, అంటే సుమారు ఒక ట్రాక్టర్ ట్యాంకర్. అంతకు వీల్లేకపోతే రోజూ చెంబెడు పోసి రావద్దు. పైపై తడికి వేరు పైకి వస్తుంది, రెండు రోజులు మానేస్తే చస్తుంది.

జూన్‌లో మళ్లీ లెక్కకు వెళ్లినప్పుడు ఎండిన పుల్లలన్నీ చచ్చినవని రాసేయకండి, పీకేయకండి. మొదలు దగ్గర గోటితో గీరితే లోపల పచ్చగా ఉండొచ్చు. పైదంతా ఎండినా చండ్ర, రేగు, బలుసు వేరు నుంచి లేస్తాయి. మంచి వాన పడి మూడు వారాలయ్యాక ఇంకోసారి తిరిగి, అప్పటికీ చిగురు కనిపించని గుంతలనే ఆగస్టు నాట్ల జాబితాలోకి ఎక్కించండి.